గుండె శస్త్రచికిత్స చరిత్రలో మూత్రపిండం : వేంపల్లె నుండి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పుట్టుకతో గుండెలో లోపమున్న పిల్లలకు శస్త్రచికిత్స జరిగిన తరువాత కొందరిలో మూత్రపిండాల పనితీరు హఠాత్తుగా తగ్గుతుంది. వైద్యులు దీనిని తొలినాళ్లనుండీ ఎరిగే ఉన్నారు. కానీ పిల్లలకు తగిన కొలతతో దీనిని నిర్వచించుకున్నది 2007లో. రాయలసీమ పల్లెలకు పిల్లల గుండె శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చిన క్రమాన్నీ, ఈ నిర్వచనం ఏర్పడిన క్రమాన్నీ పక్కపక్కన ఉంచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. మూత్రపిండాలు ‘బాగుండడా’నికీ, ‘పోవడా’నికీ నడుమనున్న స్థితికి తెలుగులో వాడుకపేరు లేకపోవడం వలన కలిగే చిక్కును కూడా ఇందులో చర్చించాను.

కీలకపదాలు: వేంపల్లె, రాయలసీమ, పిల్లల గుండె శస్త్రచికిత్స, మూత్రపిండ హాని, క్రియాటినిన్, వైద్య పరిభాష.

ఉపోద్ఘాతం:
కడప జిల్లాలో పాపాఘ్ని ఒడ్డునున్న వేంపల్లె పేరు రెండు శాస్త్రాలవారికి పరిచితమే. భూగర్భశాస్త్రంలో కడప శిలాసముదాయానికి చెందిన ఒక సున్నపురాతి శ్రేణికి ఈ ఊరి పేరే పెట్టారు. సాహిత్యంలో వేంపల్లి గంగాధర్ ‘మొలకల పున్నమి’కి 2011లోనూ, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’కు 2012లోనూ కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారాలు అందుకున్నారు. వైద్యచరిత్రలో ఈ ఊరి ప్రస్తావన ఉండదు. ఇక్కడివారు చికిత్సకు వేరే ఊళ్లకు వెళ్లి వస్తారు. వారి వెంట తిరిగి వచ్చేది ఒక కాగితాల కవరు. ఈ వ్యాసానికి ప్రేరణ అటువంటి కవరే.

మా వీధిలో ఒక జేజి, తన మనవడికి గుండె ఆపరేషన్ చేయించి తెచ్చిన కాగితాలను నా చేతిలో పెట్టింది. పిల్లవాడికి అప్పటికి పది నెలలు. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. “గుండె బాగైందన్నారు నాయనా. మల్లా నెలకు రక్తం చూపీమన్నారు. బాగైనాక రక్తం దేనికంట?” అని ఆమె ప్రశ్న. నేను తెలుగు చెప్పుకొనే వాణ్ణి. ఆంగ్లంలో ఉన్న ఆ ఆరు పుటలను అక్షరాలుగా చదవగలిగాను గాని అర్థంగా చదవలేకపోయాను. ఒక పట్టికలో ‘క్రియాటినిన్’ అనే పేరు ఎదుట మూడు అంకెలున్నాయి. ఆపరేషన్‌కు ముందు 0.3, రెండోనాటికి 0.8, ఇంటికి పంపేనాటికి 0.5. పక్కనే ‘సాధారణ పరిమితి 0.6 నుండి 1.2’ అని అచ్చయి ఉంది. ఆ లెక్కన 0.8లో చిక్కేమీ కనిపించదు. పరిచయస్తులైన ఒక పిల్లల వైద్యునికి ఫోనులో చదివి వినిపించాను. ఆయన కాసేపు ఊరకుండి, “ఆ పరిమితి పెద్దవాళ్లది” అన్నారు.

ఈ ఒక్క మాటలోనుంచే నా పరిశీలన మొదలైంది. పది నెలల బిడ్డకు 0.3 సహజం. అది 0.8కి పెరిగిందంటే రెండున్నర రెట్లు దాటింది. నేటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇది మూత్రపిండ హానిలో రెండవ దశ. ఆ ఆరు పుటల్లో ఎక్కడా ఆ పేరు రాసి లేదు.

1. కొలబద్ద కథ:
క్రియాటినిన్ కండరాల్లో పుట్టే వ్యర్థపదార్థం. మూత్రపిండాలు దానిని రక్తంనుండి వడగట్టి మూత్రంలోకి పంపుతాయి. వడపోత మందగిస్తే అది రక్తంలో పేరుకుంటుంది. 1886లో మాక్స్ యాఫే, పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ కలిసినపుడు ఎర్రని రంగు వస్తుందని గుర్తించాడు. 1904లో ఆటో ఫోలిన్ ఆ రంగును కొలిచే పద్ధతిని రూపొందించాడు. ఇదే ఫోలిన్ తరువాత హార్వర్డ్ వైద్యకళాశాలలో జీవరసాయన విభాగాన్ని నడిపాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసింది ఆ విభాగంలోనే. కండరంలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్కే, సుబ్బారావు 1927లో ప్రకటించారు. క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ తమంతతాముగా విచ్ఛిన్నం కాగా ఏర్పడేదే క్రియాటినిన్. కాబట్టి ఊరి ప్రయోగశాల కాగితంమీద ఆ పేరు కనబడిన ప్రతిసారీ ఒక తెలుగు శాస్త్రవేత్త శోధించిన పదార్థపు అవశేషాన్నే మనం చూస్తున్నాం. సుబ్బారావుగారి మీద తెలుగులో వచ్చిన రచనలు క్యాన్సర్ మందులనూ, యాంటీబయాటిక్కులనూ తలచుకున్నంతగా ఈ సంబంధాన్ని తలచుకోలేదు.

ఈ కొలబద్దకు మూడు లోపాలున్నాయి. పసిపిల్లలలో మూడూ ఒకచోట చేరుతాయి. ఒకటి, ఇది కండరంనుండి పుట్టేది కనుక కండ తక్కువైన బిడ్డలో మొదటినుండీ తక్కువగానే ఉంటుంది. పెరిగినా పెద్దల పరిమితిలోనే ఇమిడిపోతుంది. రెండు, పుట్టిన తొలిరోజుల్లో శిశువు రక్తంలో కనబడే క్రియాటినిన్ చాలావరకు తల్లిదే. పైగా పసికందులలో కామెర్లు సామాన్యం. ఆ పసుపు వర్ణద్రవ్యం యాఫే పద్ధతిలో వచ్చే రంగును తారుమారు చేస్తుంది. ఎంజైముల పద్ధతికి ఈ ఇబ్బంది తక్కువ. మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. మూత్రపిండం దెబ్బతిన్న గంటలోనో, పూటలోనో ఈ అంకె పెరగదు. ఒకటినుండి మూడు రోజులు పడుతుంది. శస్త్రచికిత్స తరువాత బిడ్డ శరీరంలో నీరు చేరితే రక్తం పలచబడి అంకె ఇంకా ఆలస్యంగా పైకి తేలుతుంది.

2. గుండెను ఆపి సరిచేసిన కాలం:
పిల్లల గుండె శస్త్రచికిత్స చరిత్ర 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఒక బాలికకు మూసుకుపోని ధమనీనాళాన్ని ముడివేయడంతో మొదలైందని చెబుతారు. 1944 నవంబరు 29న జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ బ్లాలాక్, హెలెన్ టాసిగ్, వివియన్ థామస్‌ల కృషి ఫలితంగా నీలిబిడ్డకు తొలి చికిత్స జరిగింది. ఈ రెండింటిలోనూ గుండె కొట్టుకుంటూనే ఉంది. శరీరానికి రక్తం అందుతూనే ఉంది. గుండె లోపలి రంధ్రాన్ని మూయాలంటే గుండెను ఖాళీచేయాలి. 1953 మే 6న జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించి ఒక యువతికి ఆ పని చేశాడు.

మరుసటి సంవత్సరం మిన్నెసోటాలో వాల్టన్ లిల్లిహై ఎన్నుకున్న దారి ఈ వ్యాసానికి మరింత దగ్గరిది. 1954 మార్చి 26న 13 నెలల గ్రెగరీ గ్లిడెన్ గుండెను తెరచినపుడు ఆ బిడ్డ రక్తాన్ని తండ్రి రక్తప్రసరణతో కలిపాడు. తండ్రి ఊపిరితిత్తులు బిడ్డకు ప్రాణవాయువు నిచ్చాయి. అంతేకాదు, తండ్రి శరీరపు సమతౌల్య వ్యవస్థ, మూత్రపిండాలతో సహా, ఆ కాసేపు బిడ్డ రక్తాన్ని కూడా సరిదిద్దింది. గ్రెగరీ పదకొండవ రోజున న్యుమోనియాతో మరణించాడు. అయినా ఆ పద్ధతిలో 45 మందికి శస్త్రచికిత్స జరిగి 28 మంది బతికారు. ఇద్దరి ప్రాణాలను ఒకేసారి పణంగా పెట్టే ఈ దారిని వదిలి, కొద్దికాలానికే అందరూ యంత్రానికి మళ్లారు. యంత్రం ఊపిరితిత్తుల పని చేయగలదు. తండ్రి శరీరం చేసినట్లు రక్తాన్ని సరిదిద్దలేదు. మూత్రపిండం చరిత్రలోకి వచ్చేది ఇక్కడే.

యంత్రంమీద ఉన్న సమయంలో మూత్రపిండానికి జరిగేదేమిటి? గుండె పంపే రక్తం తెరలుతెరలుగా వస్తుంది. యంత్రం పంపేది ఎక్కువగా ఏకధార. గొట్టాలలో, పంపులలో నలిగి ఎర్రకణాలు పగులుతాయి. వాటినుండి విడుదలైన హిమోగ్లోబిన్ మూత్రనాళికలకు విషప్రాయం. రక్తం కృత్రిమ ఉపరితలాలను తాకినందువలన ఒళ్లంతా వాపు ప్రతిచర్య మొదలవుతుంది. చల్లబరచిన శరీరాన్ని మళ్లీ వేడెక్కించడం, యంత్రంనుండి విడిపించాక అలసిన గుండె తగినంత రక్తం నెట్టలేకపోవడం, సిరలలో ఒత్తిడి పెరగడం దీనికి తోడవుతాయి. గుండె పరీక్షకోసం ఎక్కించిన రంగుమందు, కొన్ని యాంటీబయాటిక్కులు కూడా తమ వంతు చేస్తాయి. నెలల వయసులోపు శిశువుకు మూత్రపిండమే పరిపక్వం కాలేదు. సంక్లిష్టమైన లోపాలున్న బిడ్డకు యంత్రంమీద గడిపే సమయం ఎక్కువ, వయసు తక్కువ. అపాయం ఆ ఇద్దరి దగ్గరే పోగుపడుతుంది.

3. రాయలసీమ దారులు:
రాయలసీమనుండి గుండెజబ్బుకు పాతదారి వెల్లూరు. అక్కడి క్రైస్తవ వైద్యకళాశాలలో అమెరికన్ శస్త్రవైద్యుడు రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని నెలకొల్పాడు. 1960ల మొదట్లో దేశంలో తొలి బహిరంగ హృదయ శస్త్రచికిత్సలు జరిగిన కొద్ది చోట్లలో అదొకటి. వేంపల్లె ప్రాంతంలో నేటికీ ‘వెల్లూరుకు తీసకపోయినారు’ అంటే జబ్బు పెద్దదని అర్థం.

రెండవదారి పులివెందుల, కదిరి మీదుగా పుట్టపర్తికి. 1991 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు ప్రారంభించిన సత్యసాయి ఉన్నతవైద్య ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్స పూర్తిగా ఉచితం. అనంతపురం జిల్లా ఎండుభూముల నడుమ అటువంటి ఆసుపత్రి వెలియడం దక్షిణాదిలోనే అపూర్వమైన సంఘటన. ‘గుండెకు చిల్లి’ అనే మాట పల్లెల్లో భయంతోపాటు ఆశను కూడా సూచించడం అప్పటినుండే మొదలైందని నా అభిప్రాయం.

మూడవది ప్రభుత్వపుదారి. 2004 తరువాత ముఖ్యమంత్రి సహాయనిధిద్వారా పేదపిల్లల గుండె శస్త్రచికిత్సలకు సాయం అందింది. ఆ అనుభవం ఆరోగ్యశ్రీకి పునాది అయింది. ఆనాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా వైద్యుడు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, పులివెందులలో ఆసుపత్రి నడిపినవారు. గుండెలోపంతో మూడు మెతుకులు తినేసరికే ఆయాసపడే పల్లెపిల్లలను ఆయన చూసే ఉంటారు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పథకం మొదలై, 2008లో కడప జిల్లాకు విస్తరించింది. ప్రభుత్వాలు మారినపుడల్లా పథకం పేరు మారింది. కార్డు పట్టుకొని వరుసలో నిలబడేవారు మాత్రం పాతపేరే వాడుతున్నారు. 2013లో దేశవ్యాప్తంగా మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంవలన అంగన్వాడీలోనే పిల్లల గుండెచప్పుడు వినే ఏర్పాటు జరిగింది. 2021 అక్టోబరు 11న తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలో శ్రీ పద్మావతి పిల్లల హృదయాలయం ప్రారంభమైంది. కడప, రాజంపేట, రేణిగుంట మీదుగా ఒక పూటలో చేరగల దూరమది.

ఈ చరిత్రను ఇంతవరకూ మనం శస్త్రచికిత్సల సంఖ్యగా రాసుకున్నాం. వార్తాపత్రికల వార్షికోత్సవ కథనాలన్నిటిలో ఎన్ని వందలు, ఎన్ని వేలు అన్నదే శీర్షిక. అందుబాటులేని చోట అందుబాటే మొదటి ప్రశ్న కనుక అది తప్పు కాదు. అయితే శస్త్రచికిత్స గదినుండి బయటికి వచ్చిన బిడ్డ మరుసటి మూడురోజులు ఏమయ్యాడో, మూడేళ్లకు ఏమయ్యాడో చెప్పే గద్యం తెలుగులో కనబడదు.

4. పేరు ఆలస్యంగా వచ్చిన వైనం:
1941లో లండన్ బాంబుదాడుల శిథిలాల కింద నలిగినవారిలో మూత్రపిండాలు ఆగిపోవడాన్ని బైవాటర్స్, బీల్ వర్ణించారు. 1951లో హోమర్ స్మిత్ తన గ్రంథంలో ‘ఆకస్మిక మూత్రపిండ వైఫల్యం’ అనే అర్థం వచ్చే పదాన్ని స్థిరపరిచాడు. ‘వైఫల్యం’ అనేసరికి దృష్టి చివరి మెట్టుమీద పడింది. మూత్రం పూర్తిగా నిలిచిపోతేనో, డయాలిసిస్ అవసరమైతేనో లెక్క. అంతకు తక్కువదానికి పేరే లేదు. ఎవరికి వారు తమ నిర్వచనం పెట్టుకున్నందున ఒక ఆసుపత్రి లెక్క మరొకదానితో పొసగలేదు. 2004లో ‘రైఫిల్’ అనే ప్రమాణం అపాయం, హాని, వైఫల్యం అంటూ మెట్లు కట్టింది. 2007లో హ్యూస్టన్ పరిశోధకులు అత్యవసర చికిత్సలో ఉన్న 150 మంది పిల్లలపై పరీక్షించి దానిని పిల్లలకు అనువుగా మార్చారు. 2012లో ‘కేడీగో’ మార్గదర్శకం వీటిని ఏకం చేసింది. దీని ప్రకారం 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా, ఏడు రోజుల్లో ఒకటిన్నర రెట్లయినా, ఆరుగంటలపాటు మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరుకన్నా తగ్గినా అది మూత్రపిండ హానే.

ఆరోగ్యశ్రీ మొదలైన సంవత్సరమూ, పిల్లల మూత్రపిండ హానికి ప్రమాణం ఏర్పడిన సంవత్సరమూ ఒకటే. ఇది యాదృచ్ఛికం. కానీ దాని ఫలితం యాదృచ్ఛికం కాదు. పుట్టపర్తిలో శస్త్రచికిత్సలు మొదలైన నాటినుండి దాదాపు పదహారేళ్లు, రాయలసీమ పిల్లలకు చికిత్స అందింది గాని, అందులో ఎందరి మూత్రపిండాలు దెబ్బతిన్నాయో అందరూ ఒప్పుకొనే విధంగా చెప్పగల భాష ప్రపంచంలో ఎక్కడా లేదు. ఈ లోటును నాటి వైద్యుల నిర్లక్ష్యంగా చదవడం అన్యాయం.

ఆలస్యాన్ని తగ్గించే ప్రయత్నంలో 2005 నాటి ఒక పరిశోధన మైలురాయి. సిన్సినాటిలో జయా మిశ్రా, ప్రసాద్ దేవరాజన్ తదితరులు గుండె శస్త్రచికిత్స జరిగిన 71 మంది పిల్లలను పరిశీలించారు. వారిలో 20 మందికి మూత్రపిండ హాని కలిగింది. క్రియాటినిన్ దానిని ఒకటి నుండి మూడు రోజుల తరువాత చెప్పింది. మూత్రంలోని ‘ఎన్-గాల్’ అనే ప్రోటీను రెండు గంటల్లోనే చెప్పింది. ఆ వేగం పల్లెపిల్లవాడి దాకా రావడానికి ఖర్చు ఒక అడ్డు. నర్సు గంటగంటకూ కొలిచి రాసే మూత్రం లెక్కకు ఆ ఖర్చు లేదు. హాని పెరిగిన శిశువుకు పొట్టలో చిన్నగొట్టం అమర్చి చక్కెరద్రావణంతో రక్తాన్ని శుద్ధిచేసే పద్ధతి కూడా పెద్ద యంత్రం కోరదు.

తరువాతి కాలంలో ఏమవుతుందన్న ప్రశ్నకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. 2016లో వెలువడిన ఉత్తర అమెరికా పరిశోధన, శస్త్రచికిత్స జరిగిన ఐదేళ్లకు 131 మంది పిల్లలను పరీక్షించి, 17 శాతం మందిలో అధిక రక్తపోటును గుర్తించింది. విశేషమేమంటే, మూత్రపిండ హాని కలిగినవారికీ, కలగనివారికీ తేడా కనబడలేదు. అంటే గుండె శస్త్రచికిత్స జరిగిన పిల్లలందరికీ రక్తపోటు చూడడం మేలని నా అవగాహన. ఐదేళ్ల బిడ్డ చేతికి సరిపోయే చిన్నపట్టీ ఎన్ని పల్లె ఆసుపత్రుల్లో ఉందన్నది వేరే ప్రశ్న.

5. నడిమి స్థితికి మాట:
తెలుగు పత్రికలలో ‘కిడ్నీ’ అన్నపుడు మనసుకు వచ్చేవి ఉద్దానం, డయాలిసిస్, మార్పిడి. ఇవన్నీ చివరిమెట్టు ముచ్చట్లు. వాడుకభాషలో కిడ్నీలు ‘బాగున్నాయి’. లేదా ‘పోయినాయి’, ‘ఫెయిలైనాయి’. ప్రపంచ వైద్యం 2004లో ‘వైఫల్యం’నుండి ‘హాని’కి మారింది, మన నుడి ఇంకా మారలేదు. కొన్ని అనువాదాలలో ‘తీవ్ర మూత్రపిండ గాయం’ అని కనబడుతుంది. రెండు మాటలూ దారి తప్పిస్తాయి. ఇక్కడి అర్థం తీవ్రత కాదు, హఠాత్తుగా రావడం. తేలికపాటిది కూడా ఆ కోవలోనిదే. ‘గాయం’ అంటే జేజికి కత్తిగాటు తోస్తుంది. డాక్టరు చేయి జారిందేమోనన్న అనుమానం పుడుతుంది. అందుచేత నేను ‘ఆకస్మిక మూత్రపిండ హాని’ని శాస్త్రరచనకు ప్రతిపాదిస్తున్నాను. ఆయుర్వేదంలోని ‘వృక్కం’ పండితులకే తెలుసు. వేంపల్లె ముస్లిం ఇళ్లలో ‘గుర్దా’ అందరికీ తెలుసు. మూత్రానికి మా సీమలో ‘ఒంటేలు’ ఉండనే ఉంది. పిల్లవాడు ఒంటేలు తగ్గించాడా అని అడిగితే సమాధానం రాని తల్లి ఉండదు.

ఆ వైద్యుడు ఫోనులో చెప్పిన విషయాన్ని ఆయన అనుమతితోనే జేజి తెచ్చిన కాగితం వెనుక తెలుగులో రాశాను: “ఆపరేషన్ తరువాత మూత్రపిండాల పని కొంత తగ్గింది. కోలుకుంటున్నాయి, పూర్తిగా కోలుకున్నదీ లేనిదీ నెలకు ఒకసారి రక్తం, మూత్రం చూసి తెలుసుకోవాలి. నొప్పి, జ్వరం మాత్రలు డాక్టరును అడగకుండా వేయవద్దు. వాంతులు, విరేచనాలు అయితే వెంటనే చూపించాలి. ఏటా బి.పి. చూడాలి.” జేజికి చదువు రాదు. ఏడో తరగతి చదివే మనవరాలు గట్టిగా చదివింది. మొదటి వాక్యం దగ్గరే జేజి ఆపింది. “మూత్రపిండాలంటే?” అంది. “కిడ్నీలు” అంది పిల్ల. “అట్ల రాయొచ్చు గదా నాయనా” అంది జేజి నావైపు తిరిగి. కొట్టివేసి ‘కిడ్నీలు’ అని రాశాను. పిల్ల మళ్లీ మొదటినుండి చదివింది. “కొంత తగ్గిందంటే పోలేదు గదా?” అని జేజి అడిగింది. పోలేదన్నాను. రక్తం చూపించే తేదీని మనవరాలి చేత క్యాలెండరు మీద రాయించుకుంది.